చుక్కల చాటు తెలుగు

2007లో బత్తలపల్లె బస్టాండు ఎదుట గౌస్‌బీకి చిన్న డీటీపీ సెంటరు ఉండేది. అంతకుముందు ఎనిమిదేళ్లు జాకెట్లు కుట్టి, ఆ డబ్బుతోనే కంప్యూటరు కొనుక్కుంది. వైరస్‌ల పీడ పడలేక అందులో విండోస్ తీసేయించి లినక్స్ వేయించుకుంది. తెలుగు టైపింగులో ఆమె వేళ్లకు తిరుగులేదు.

ఆ రోజు నాటకాల్లో రాజు వేషం కట్టే ముత్యాలప్ప కరపత్రాల కోసం వచ్చాడు. మేటరంతా టైపు అయ్యాక ప్రింటరు మొరాయించింది. సరిచేయబోతే పాస్‌వర్డు అడుగుతూ తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. గౌస్‌బీ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

"మర్సిపోయింటావులేమ్మా," అన్నాడు ముత్యాలప్ప.

"పొద్దున ఇదే కొడితే ఒప్పుకునింది కదన్నా! ఎనిమిది అచ్చరాలకు ఎనిమిది చుక్కలు. సరిగ్గానే ఉండాయి."

"ఆ చుక్కల ఎనకాల ఏ అచ్చరాలుండాయో ఎవురు సూసినారు?"

గౌస్‌బీ చేతులు టక్కున ఆగాయి. పొద్దున పెట్టె ఒప్పుకున్నప్పుడు ఆమె ఇంకా తెలుగు టైపు మొదలుపెట్టలేదు.

"అన్నా! నేను ఇంగ్లీషు కొడతాండా, ఇది లోపల తెలుగు రాసుకుంటాండాది!"

ఇంగ్లీషుకు మారుద్దామంటే పెట్టె తెరిచి ఉన్నంతసేపూ భాష మార్చే మీటలు పనిచేయడం లేదు. పెట్టె మూసి, కరపత్రంలోకి వెళ్లి ఇంగ్లీషుకు మార్చి, మళ్లీ పెట్టె తెరిచింది. ఒప్పుకుంది! అయినా నమ్మకం చాలక, తెలుగులో ఉంచి ఒకసారి, ఇంగ్లీషులో ఉంచి ఒకసారి, ఆరుసార్లు పరీక్షించింది. తప్పన్నప్పుడల్లా ముత్యాలప్ప "ప్రవేశము లేదు!" అని గర్జించాడు. ఒప్పుకున్నప్పుడల్లా మీసం దువ్వి "రానిమ్ము!" అన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా గడపలో మూగి నవ్వారు.

కరపత్రాలు అచ్చయ్యాయి. గౌస్‌బీకి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏం చేస్తే ఏమవుతోందో వరసగా ఇంగ్లీషులో రాసి, ఆ పెట్టె సాఫ్ట్‌వేరు చేసినవాళ్లకు ఈమెయిలు పంపింది.

పన్నెండో రోజు జవాబొచ్చింది. "మీరు చెప్పినట్టే చేసి చూశాం. తప్పు మాదే. సరిచేస్తున్నాం. ఇంత స్పష్టంగా రాసినందుకు ధన్యవాదాలు."

రెండుసార్లు చదువుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. ధర్మవరం బస్సు కదులుతోంది.

"ఏమ్మా, లాటరీ తగిలినాదా?" అన్నాడు కండక్టరు.

"అంతకన్నా పెద్దదేన్నా! తప్పు నాది కాదంట, వాళ్లదంట!"

ఏమీ అర్థం కాకపోయినా కండక్టరు చెయ్యెత్తి "శభాష్!" అన్నాడు. ఆ వారంలోనే గౌస్‌బీ వాళ్లవే ఇంకో రెండు తప్పులు పట్టి పంపింది.