సల్మా బుగ్గల మీది పూత

2004లో నేను సౌదీలోని జెద్దాలో, బలద్ అనే పాతబస్తీకి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో నర్సును. జ్వరాలు, మోకాలి దెబ్బలు, తలలో పేలు, ఇవే నా కేసులు. పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు, వాళ్ల తల్లులతోనే వేగలేక చచ్చేదాన్ని.

ఒక శనివారం (అక్కడ బడి వారం మొదలయ్యేది ఆ రోజే) సునీత విసురుగా నా గదిలోకి వచ్చింది. గుంటూరావిడ, భర్త ఇంజనీరు.

“సిస్టర్ గారూ, ఆ బర్మా పిల్ల మొహం చూశారా? బుగ్గల నిండా పచ్చగా పెచ్చులు కట్టింది. మా పాప దాని పక్కనే కూర్చుంటోంది. అంటుకుంటే ఎవరిదండీ పూచీ?”

అప్పటికే ఇంకొందరు తల్లులు ప్రిన్సిపాల్ మేడమ్ చెవిన వేశారు. “ఫంగల్ ఇన్‌ఫెక్షన్, అంటే తామర లాంటిదైతే పేరు తీసేయక తప్పదు. ఇవాళే చూసి చెప్పండి” అన్నారావిడ.

ఆ పిల్ల సల్మాకు ఆరేళ్లు. బర్మాలో బతకనివ్వకపోతే తరలివచ్చిన కుటుంబం. పిల్ల పుట్టింది జెద్దాలోనే అయినా, తండ్రి ఇఖామా, అదే నివాస అనుమతి, సరిగ్గా లేదని వేరే బళ్లు చేర్చుకోలేదు. ఇక్కడ కూడా పేరు తీసేస్తే ఇక చదువు లేనట్టే.

సల్మానూ, వాళ్లమ్మ నూర్‌నూ పిలిపించాను. సునీత కదల్లేదు, సంగతి తేలేదాకా కూర్చుంటానంది. దూది తడిపి సల్మా బుగ్గ తుడిచాను. పెచ్చులన్నీ దూదికే వచ్చేశాయి. కింద చర్మం నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

“ఇదేంటమ్మా?” అని నూర్‌ని ఉర్దూలో అడిగాను.

“చెట్టు చెక్క, సిస్టర్. రాతి మీద నీళ్లతో అరగదీసి రాస్తాం, ఎండకు చలవ చేస్తుందని. మా అమ్మ నాకూ రాసేది. వద్దంటే ఇక రాయను. బడి మాత్రం మానిపించకండి.”

నాకు ఒళ్లు మండింది. సునీత వైపు తిరిగాను.

“నిన్న శుక్రవారం కదండీ, మొహానికి పసుపు రాసుకున్నారా? చెవి వెనక ఇంకా అలాగే ఉంది. మిమ్మల్ని కూడా పరీక్ష చేయమంటారా?”

సునీత చెయ్యి చెవి మీదికి పోయింది. “అయ్యో రామ! మన గంధం లాంటిదేనా అండీ ఇది?” అని నాలుక్కరుచుకుంది.

రోగం లేదు, పూత కడగనూ అక్కర్లేదు అని మేడమ్‌కు ఖరాఖండిగా చెప్పాను. సల్మా పేరు ఉండిపోయింది. అయినా కొందరు తల్లులు నా మాట నమ్మలేదు. మా పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండని టీచరుతో గొడవపడుతూనే ఉన్నారు.

కొన్నాళ్లకు సునీత మళ్లీ వచ్చింది.

“ఏం చెప్పమంటారు సిస్టర్ గారూ! సల్మాలాగా రాస్తే తప్ప బడికి రానని మా పాపది ఒకటే పేచీ. ఆ చెక్క ఎక్కడ దొరుకుతుందో కాస్త కనుక్కుని చెబుదురూ.”

“నన్నడుగుతారేంటండీ? వాళ్లమ్మ గేటు దగ్గరే ఉంది, వెళ్లి అడగండి.”

కాసేపు తటపటాయించి వెళ్లింది. తనకొచ్చిన హిందీలో చేతులు తిప్పుతూ ఏదో అడిగింది. నూర్ నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. మిగతా తల్లులు కూడా చూశారు. ఆ తర్వాత దూరంగా కూర్చోబెట్టమని ఎవరూ రాలేదు.

అప్పటినుంచి అలాంటి ఫిర్యాదు ఏది వచ్చినా, పిల్లను చూసే ముందు ఫిర్యాదు చేసిన తల్లినీ, ఆ పిల్ల తల్లినీ మాట్లాడుకోమని నా గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టేదాన్ని.