ఆగిన చోటు చెప్పే చీటీలు

మా బడి గ్రంథపాలకురాలు ఖైరున్నీసా ఆపా శంషాబాద్‌లోని తమ ఇంట్లో హఠాత్తుగా కన్నుమూశారన్న దుర్వార్త సోమవారం ఉదయం ప్రార్థనకు ముందు అందింది. పిల్లలు ఏడ్చారు. తోటి ఉపాధ్యాయులు కంటతడి పెట్టారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పకుండా నివాళి రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

పాల్మాకులకు ఈవలనున్న మా బడిలో, కౌమారంలోని పిల్లలకు మనసుకు పట్టే కథను వెతికి ఇవ్వడమే ఆమె జీవితసాధన. ఏం చదువుతావని ఎవరినీ అడిగేవారు కాదు. ఈ మధ్య ఎవరి మీద కోపమొచ్చింది, ఏ సినిమా సగంలో లేచొచ్చావు అని ఆరా తీసేవారు. నెత్తిమీద విమానం పోతుంటే మాట ఆపి, అది దాటాక ఆపిన చోటి నుంచే అందుకునేవారు. పుస్తకం నచ్చకపోతే నిస్సంకోచంగా తిరిగి ఇవ్వొచ్చు. ఒకటే షరతు: ఆపిన పేజీ సంఖ్య చీటీ మీద రాసి లోపల పెట్టాలి.

నేను తెలుగు పండితుణ్ణి. సంధులు రాని పిల్లలకు నవలలెందుకని నా వాదం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె సెలవులో ఉన్న రోజున కథల బీరువా తెరిచి చూస్తే ప్రతి పుస్తకంలోనూ చీటీలు: ఏడు, పన్నెండు, ఇరవై. ఒక్కరూ పూర్తిచేయలేదని సంబరపడి, చీటీలన్నీ లాగి ప్రధానోపాధ్యాయుల బల్లమీద పోశాను. ఆయన బీరువాకు తాళం వేయించారు.

ఆపా నాతో జగడమాడలేదు. స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చుని ఒక్క మాటన్నారు.

“పోరి యాడ ఆగిందో చూస్తే, ఇగ ఏమియ్యాల్నో నాకు ఎరుకైతది సార్. స్వప్న ఆరు దగ్గర ఆగింది, తర్వాత పదిహేను, నలభై, తొంభై. ఐదో పుస్తకం రేపు ఇద్దామనుకున్న.”

స్వప్న తుక్కుగూడ నుంచి బస్సులో వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. ఆ అంకెలు పెరుగుతున్నాయని చూడలేని నా పాండిత్యం తగలెయ్య! ఐదో పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది. రెండేళ్లకు తాళం తీసేసరికి స్వప్న బడి దాటి వెళ్లిపోయింది.

తాళం తీసిన వారంలో ఆపా నాకే ఒక నవల ఇచ్చి, జర చదవమన్నారు. కొన్నాళ్లకు అంతా చదివానని, అద్భుతమని చెప్పాను. నిజానికి తొమ్మిదో పేజీ దాటలేదు. పిల్లలు ధైర్యంగా రాసిన అంకె రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె నవ్వి, “మీ తాననే ఉంచుండ్రి సార్, తొందరేం లేదు” అన్నారు. అంతా తెలిసే అన్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

క్షమించమని అడగడానికి ఎన్ని మధ్యాహ్నాలు దొరికాయో! ఒక్కనాడూ నోరు విప్పలేదు. ఆ విదుషీమణికి ఇవాళ శిరసు వంచి నమస్కరిస్తున్నాను, ఆలస్యంగా.

నిన్న ఆ నవల పట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాను. చీటీ మీద తొమ్మిది అని రాసి, లోపల పెట్టి, ఆమె బల్లమీద ఉంచాను. ఆ అంకె చూసి నాకు తర్వాత ఏ పుస్తకమివ్వాలో చెప్పగలిగిన మనిషి ఇక లేరు.