రెండో వరుస కనబడని బోర్డు

ఊళ్ళు పట్టుకు తిరిగేవాణ్ణి గనక అక్షరాల్ని చాలా చోట్ల చూశాను: రాళ్ళ మీద, రాగిరేకుల మీద, లారీల వెనక. అక్షరానికి పొద్దు వాలే ఆకాశపు రంగు అద్దే మనిషిని మాత్రం ఒక ఫ్లెక్సీ దుకాణంలోనే చూశాను. ఆమెను అందరూ షేడ్లమ్మాయి అంటారు. నలభై దాటినా అమ్మాయే. కంప్యూటర్లో అక్షరాల్ని పట్టుకుని, పైకో రంగు, కిందికో రంగు ఎంచి, మౌసుతో ఒక్క గీత లాగుతుంది. ఆ గీత పొడుగునా ఎరుపు కరిగి కరిగి పసుపైపోతుంది.

విద్య తండ్రిది. ఆయన కుంచెల కాలపు బోర్డు ఆర్టిస్టు. తడి ఆరకముందే రెండు రంగుల్నీ పొడి కుంచెతో కలిపేవాడట. ఇప్పుడు కళ్ళు మసక. అయినా కూతురి పక్కన స్టూలేసుకుని ఒకటే సతాయింపు.

"అచ్చేశాక గోడకానించి, పది అడుగులు వెనక్కెళ్ళి చూశావా?"

"చూశా నాన్నా. నువ్వు పదకొండో అడుగేసి మురిక్కాలవలో పడ్డ సంగతి కూడా గుర్తుంది."

ఆ మంగళవారం ఆయన రాలేదు. నేనున్నాను. నా చిన్న పుస్తకానికి అట్ట వేయించుకోవడానికి వెళ్ళి, వెనకటి లేఖకులు బంగారాన్ని సిరాగా ఎలా నూరేవారో చెబుతూ కూర్చున్నాను. ఇలాంటి కబుర్లు మొదలెడితే నాకు ముగింపు దొరకదు. ఇంతలో వెనక వీధి ఆఫీసుల భవనం వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, లిఫ్టు పైన నాలుగో అంతస్తులో ఇరుక్కుంది. కింద తలుపు గడియేమో విరిగిపోయింది. లాగితే వచ్చేస్తోంది. లోపల రెండు సెల్లార్ల లోతు గొయ్యి. అర్జంటుగా బోర్డు కావాలి."

ఆమె రెండు వరుసలు కొట్టింది. పైన "లిఫ్టు". కింద "పనిచేయదు, తలుపు తీయకండి". ఎప్పుడూ ఏ వరుసకా వరుస షేడు వేస్తుంది. ఆ రోజు నా బంగారపు సిరా కబుర్ల మధ్య రెండు వరుసల్నీ కలిపి పట్టుకుని ఒకే గీత లాగింది. పైవరుసంతా ఎరుపు, కిందివరుసంతా లేతపసుపు. వెనక నల్లరంగు ఉండడంతో నిప్పుకణికల్లా వెలిగాయి. ఆహా అన్నది నేనే.

యజమాని తొంగిచూశాడు. "అంత నలుపు ఇంకు తాగేస్తుందమ్మాయ్. మిషను దగ్గర తీసేసి తెల్లగా కొట్టిస్తాలే."

"సరేనండీ," అంది లేవకుండానే. వెనక గదిలో అచ్చయింది. వాచ్‌మన్ చుట్టచుట్టి పట్టుకుపోయాడు. పది అడుగులు వెనక్కి ఎవరూ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే అట్టల కోసం వెళ్ళాను. కట్ట విప్పుతూ ఆమె ఆగిపోయింది. అట్టలకు చుట్టిన షీటు, ముడత పడిందని పక్కన పడేసిన ఆ బోర్డు మొదటి అచ్చు. తెల్లటి షీటు మీద ఎర్రగా ఒకే ఒక్క మాట: లిఫ్టు. కిందంతా ఖాళీ. కళ్ళు చికిలించి చూస్తే ఏదో లేతపసుపు మరక.

"తాతగారూ, ఇది రావద్దనడం లేదు. రమ్మంటోంది." ఆమె ఫోను అందుకుంది. "నాన్న అక్కడికే వెళ్ళాడు. కళ్ళ డాక్టరు మూడో అంతస్తు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడు."

ఫోను చేసింది. అక్కడే, ఆమె బల్ల మీద, చార్జరుకు తగిలించిన ఆయన ఫోనే మోగింది.

పరుగెత్తింది. వెనక నేను. వెనక వీధే, కానీ నేను నడిచిన దేశాలన్నీ కలిపినా అంత దూరం అనిపించలేదు. భవనం గుమ్మంలో ఇద్దరు మనుషులు కిందికి వంగి చూస్తున్నారు. "ఎవరికేమైంది?" అని కేకేసింది. ఏమీ కాలేదు. ఒకాయన చెప్పు తెగిందంతే.

లోపల వాచ్‌మన్ లేడు, కుర్చీ లేదు. బోర్డు మాత్రం తలుపు మీద నిటారుగా ఉంది. తలుపు జానెడు తెరుచుకుని ఉంది. ఆ సందులోంచి చెమ్మ వాసన, చీకటి. లిఫ్టు గుమ్మం దగ్గర నేల మీద తండ్రి చేతిసంచి.

"నాన్నా!"

ఆ కేక గొయ్యిలోకి దిగి, అడుగు తాకి పైకొచ్చింది. నేను గోడ పట్టుకున్నాను. ఆమె తలుపు వైపు చెయ్యి చాచింది గానీ లాగలేకపోయింది. చూస్తే ఏం కనబడుతుందో!

"అరవకే. పడలేదులే," అన్న మాట స్తంభం అవతలి నుంచి వచ్చింది. ముసలాయన వాచ్‌మన్ కుర్చీని ఈడ్చుకుంటూ వస్తున్నాడు. "ఇది అడ్డం పెడదామని."

ఆమె నేల మీద కూలబడింది. "నీకెలా తెలిసింది?"

"తెలీలేదు. లిఫ్టని కనబడితే తలుపు లాగాను. ఒక కాలెత్తాను కూడా. ఎందుకో బోర్డు వైపు చూశా. పైన ఒక్క మాట రాసి, కింద అంత జాగా వదలడం నీకు నేర్పలేదే అనిపించింది. ముక్కానించి చూస్తే అక్షరాలున్నాయి." కుర్చీని తలుపుకు ఆనించి అడిగాడు. "పది అడుగులు వెళ్ళలేదు కదూ?"

"వెళ్ళలేదు నాన్నా."

ఆయన తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది.

నా జేబులోని నల్ల మార్కరు తీసుకుని ఆ ఖాళీ నిండా రెండో వరుసను లావుగా రాసింది. అక్షరాలు వంకరపోయాయి. షేడు లేదు, సొగసు లేదు. తండ్రి ఎగాదిగా చూసి, అలవాటు కొద్దీ వెనక్కి నడవడం మొదలెట్టాడు. "ఒకటి, రెండు..."

ఆయన వెనక సెల్లారు మెట్లు దిగుతున్నాయి. ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన చొక్కా అంచు పిడికిట్లో బిగించింది. ఆయన వేసిన ప్రతి అడుగుకూ తనూ ఒకటి వేసింది. పదో అడుగు మెట్టు అంచున పడింది.

"కనబడుతోందే," అన్నాడాయన.

ఆమె బోర్డు వైపు చూడలేదు. పిడికిలీ విప్పలేదు.