నాయన కోటుకు వేసిన జిప్పు

గోరంట్ల పక్కన మా ఊరి నుంచి గార్మెంట్ ఫ్యాక్టరీకి బస్సులో పోయే ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. అక్కడ నా పని కోట్లకు జిప్పులు వేయడం. చేరిన కొత్తలో దారాలు కత్తిరించేదాన్ని. జిప్పు దగ్గరికి అందరినీ రానివ్వరు. గుడ్డ సాగుతుంది, జిప్పు పట్టీ సాగదు. కుట్టేటప్పుడు గుడ్డను కాస్త లాగామా, కోటు ముందుభాగమంతా ముడతలు లేస్తాయి, తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా పోవు. నేను కుట్టింది మాత్రం గీత గీసినట్టు ఉంటుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, ఉన్న మాటే చెబుతున్నాను.

మా నాయనకు ఇది అసలు పనిలాగే కనిపించేది కాదు. ఆయన గొర్రెలు కాస్తాడు. ఎండలో తిరిగితేనే పని, ఫ్యాను కింద కూర్చుంటే కాలక్షేపం. నేనేం చేస్తున్నానని ఎవరైనా అడిగితే 'ఏదో ఫ్యాక్టరీకి పోతాది' అనేవాడు. ఆ 'ఏదో' అన్న మాటకు నాకు ఒళ్లు మండేది. ఆయన నోట ఒక్కసారైనా నా పని పేరు వినాలని నాకు పంతం.

అందుకే పోయిన చలికాలం, ఇంట్లో నా మిషన్ మీద ఆయనకొక మందపాటి కోటు కుట్టాను. కిందిదాకా రెండు పక్కలూ పూర్తిగా విడిపోయే జిప్పు వేశాను. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కానీ కంబళి ఇంట్లో వదిలేసి కోటు తొడుక్కుని పోయాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం గొర్రెల్ని దొడ్లోకి తోలి, మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. కోటు మెడదాకా బిగుసుకుపోయి ఉంది. జిప్పు పైకీ పోదు, కిందికీ రాదు. తోటి కాపరులు ఇద్దరు పట్టి లాగినా రాలేదట. నీ కూతురు కోటు కుట్టిందా, నిన్ను కట్టేసి పంపిందా అని నవ్వారట.

"కత్తెర తెచ్చి కోసెయ్ మే. యాడన్నా ఇట్లాంటి కోటు ఉండాదా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని కోస్తే ఆయన దృష్టిలో నా పని కూడా అంతే. కత్తెర ముట్టుకోనివ్వకుండా అరుగు మీద కూర్చోబెట్టి చూస్తే, జిప్పు పళ్ల నిండా ఎర్రటి జిగురు. ఏం పూశావని అడిగితే శెనక్కాయ నూనె అన్నాడు. మా ఇళ్లలో బిగుసుకున్న ప్రతిదానికీ అదే మందు. తలుపు బందుకూ అదే, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరకూ అదే. కొత్త జిప్పు కాస్త గట్టిగా ఉందని ధారాళంగా పూశాడు. ఇక మా నేల దుమ్ము ఊరుకుంటుందా, వచ్చి అంటుకుంది.

సబ్బునీళ్లలో ముంచిన పాత బ్రష్షుతో ఓపిగ్గా రుద్దాను. చివరికి పళ్ల మీద జరిగే రన్నర్ కదిలి కిందికి జారింది. కోటు విప్పించి, పక్కన కూర్చుని చూపించాను. ఒక్కో పంటికి పైన చిన్న బొడిపె, అడుగున దానికి సరిపడా గుంత. పైకి జరిపితే రన్నర్ రెండు వరసలనూ దగ్గరికి వంచి, ఒకదాని బొడిపెను ఇంకోదాని గుంతలో కూర్చోబెడుతుంది. కిందికి జరిపితే దాని నడుమనున్న ముక్క ఆ రెండు వరసలనూ విడదీస్తుంది. లాగిన లాగుడుకు రన్నర్ దవడలు విచ్చుకున్నాయి. వాటిని పట్టకారుతో మెల్లగా నొక్కి, కడిగి ఆరబెట్టిన పళ్ల మీద కొవ్వొత్తి రుద్దాను.

"అడుగున ఈ పక్కనుండే పిన్ను ఆ పక్క డబ్బీలో పూర్తిగా కూర్చోవాల నాయనా. అది సరిగా ఉంటే మిగతాది అదే పోతాది, లాగాకు" అన్నాను.

ఆయన కోటు ఒళ్లో పెట్టుకుని తానే వేసి తీసి, వేసి తీసి చూసుకున్నాడు.

ఆ తర్వాత సంతకు ఇద్దరం కలిసి పోయాం. నేను కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఆయన గొర్రెల దగ్గర ఆ కాపరులతో ఉన్నాడు. కోటు ఇప్పుడైనా ఊడుతుందా అని ఒకాయన నవ్వుతూ జిప్పు మీద చెయ్యి వేశాడు. నాయన ఆ చెయ్యి పక్కకు తోశాడు.

"లాగాకప్పా. అడుగున సరిగా కూర్చోబెడితే అదే పోతాది. మా పాప ఫ్యాక్టరీలో కోట్లకు జిప్పులు ఏస్తాది. అందరికీ వచ్చే పని కాదు అది."

సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు మధ్యాహ్నం ఎండ చుర్రుమంటున్నా, ఇంటికి చేరేదాకా ఆయన ఆ కోటు విప్పలేదు.