ముట్టుకుంటే ఆడాలె

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా బాపు టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. కుడి చేయి గ్లాసు పక్కన ఊరికే ఉంది. అది కదలడం మొదలుపెట్టింది. బొటనవేలు చూపుడువేలికి రాసుకుంటూ, ఏదో చిన్న వస్తువును నలుపుతున్నట్టు కదిలింది. బాపు దాన్ని కాసేపు చూశాడు. తరువాత "సదురుతున్న" అని, ఎడమ చేతిని తెచ్చి దాని మీద పెట్టాడు.

అవ్వ, అంటే మా అమ్మ, నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట మా ఇంట్లో పాతదే.

చదరంగంలో ఒక నియమం ఉంది. తన వంతు వచ్చినప్పుడు ఏ పావును ముట్టుకుంటే ఆ పావునే ఆడాలి. పావు గడిలో వంకరగా ఉండి, దాన్ని సరిచేయడానికి మాత్రమే ముట్టుకోవాలంటే ముందుగా ఆ సంగతి పైకి చెప్పాలి. అందుకు ప్రపంచమంతా వాడే పరాయి మాట ఒకటి ఉంది. బాపు పిల్లలకు అది నేర్పలేదు. "సదురుతున్న" అనమన్నాడు. ఇల్లు సదిరినట్టు, బట్టలు సదిరినట్టు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. అవ్వ బీడీల చాటను పక్కకు జరపాలన్నా, మంచం మీది నా పుస్తకాలు తీయాలన్నా ముందు ఆ మాట అనేవాడు. ఎప్పుడైనా మరిచిపోతే అవ్వ వదిలేది కాదు.

"చాట ముట్టినవ్ గద? ఇగ నువ్వే ఆడు. ఆకు కత్తిరియ్యి."

బాపు కూర్చుని కాసేపు తునికాకు కత్తిరించేవాడు.

మాది కోరుట్ల. బాపు చదరంగం నేర్పి బతికాడు. ఇప్పుడు ఇది వింత కాదు, కానీ ఆయన మొదలుపెట్టిన రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చేసి బతికినవాళ్ళు ఉన్నారని నేను వినలేదు. జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు వార్డెన్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు ఒక కాలేజీలో తాత్కాలిక గుమస్తాగా చేసి, అది వదిలేశాడు. వారంలో కొన్ని రోజులు జగిత్యాల బడుల్లో, కొన్ని సాయంత్రాలు కోరుట్లలో ఇళ్ళకు పోయి, ఆదివారం సిరిసిల్లలో చెప్పేవాడు. నన్ను చూడడానికి వచ్చిన పెళ్ళివారు అవ్వను అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది.

"సారుకు నౌకరేంది?"

"చదరంగం చెప్తడు."

"గది సరే. నౌకరేంది అని?"

అవ్వకు కూడా ఆయన పని మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. ఆదివారం చర్చికి రాకుండా సిరిసిల్ల బస్సెక్కుతాడని కోపం. "పాస్టరు అడుగుతుండు, మీ ఇంటాయన ఏ దేవున్ని మొక్కుతుండని. గుర్రాన్ని, ఏనుగును మొక్కుతుండని చెప్పిన" అనేది. బాపు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ "బంటును గూడ మొక్కుతనని చెప్పకపోతివి" అనేవాడు.

సిరిసిల్లలో తరగతి ఒక ఆసామి ఇంట్లో జరిగేది. ఆసామి అంటే నాలుగు సాంచలు పెట్టుకుని సేటు ఇచ్చిన నూలుతో బట్ట నేయించే చిన్న యజమాని. సాంచ అని వాళ్ళు మరమగ్గాన్ని అంటారు. ముందు గది తరగతికి, గోడ అవతల మగ్గాలు. చీరల ఆర్డర్ ఉన్నప్పుడు ఆదివారం కూడా అవి ఆగేవి కావు. ఆ చప్పుడు మీదుగా వినిపించేట్టు బాపు గొంతు పెంచి చెప్పేవాడు. ఆసామి తనూ పాత పద్ధతిలో ఆడినవాడే. మొదటి రోజు గుమ్మంలో నిలబడి విని, "మా దగ్గర బంటు ఒక్క గడే నడుస్తది సార్. మీ దగ్గర రెండు గడులు దుంకుతదా? ఏం తినవెడుతున్నరు దానికి?" అన్నాడు. బాపుకు ఆ మాట ఎంత నచ్చిందంటే మూడు ఊళ్ళలోనూ చెప్పుకుని తిరిగాడు.

ఆసామికి వాపసు తీసుకోవడం అలవాటు. ఆడిన ఎత్తు బాగోలేదనిపిస్తే పావును వెనక్కి పెట్టేవాడు. బాపు ఒప్పుకునేవాడు కాదు. "ముట్టుకుంటే ఆడాలె." ఎంత పెద్ద ఇంట్లో ఎవరి పిల్లలకు చెప్పినా ఆ మాటలో తేడా లేదు.

ఆ నియమాన్ని ఆయన పుస్తకంలో కూడా అలాగే రాశాడు. మొదటిసారి గడుల పలక ముందు కూర్చున్నవాడికి తెలుగులో చదరంగం చెప్పే పుస్తకం అది. అచ్చుకు ముందు జగిత్యాలలో ఒక రిటైరైన లెక్చరర్ చదివి పెట్టారు. మంచి మనిషి. "ముట్టుకోవడం అంటే మొరటుగా ఉంది. స్పర్శించిన పావు అని రాయండి" అన్నారు.

 బాపు అన్నాడు: "మా తాత చందుర్తి దిక్కు కూలికి పోయేటోడు సార్. ఎండల నీళ్ళు అడిగితే దోసిట్ల పైకెల్లి పోసేటోళ్ళు. ముట్టకు అనేటోళ్ళు గని, స్పర్శించకు అని ఎవ్వరు అనలె. నాకు వచ్చిన మాట గదే."

లెక్చరర్ ఆ మాటను అలాగే వదిలేశారు. దీని గురించి నేను ఎక్కువ రాయదలచుకోలేదు. బాపు మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. సిరిసిల్ల బస్సు చందుర్తి మీదుగానే పోయేది. అక్కడ కిటికీలోంచి బయటికి చూసేవాడు, అంతే.

కరీంనగర్‌లో నరాల డాక్టరు ఆ చేతి వణుకుకు పేరు చెప్పాడు. అవ్వకు నోరు తిరగలేదు. తగ్గుతుందా అని అడిగింది. తగ్గదు, మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు అన్నాడు. బాపు ఒక్కటే అడిగాడు: పావు పట్టుకోగలనా? డాక్టరుకు అర్థం కాలేదు. నేను చెప్పవలసి వచ్చింది.

నేను జగిత్యాలలో కాలేజీలో తెలుగు చెబుతాను. ఆదివారం సెలవు కాబట్టి ఆయనకు తోడుగా సిరిసిల్ల పోవడం మొదలుపెట్టాను. నాకు ఆట మీద ఎప్పుడూ ఇష్టం లేదు. పావులు ఎలా నడుస్తాయో తెలుసు, అంతవరకే. మూలన కూర్చుని ఏదో చదువుకునేదాన్ని.

ఆ రోజు బాపు ఆసామి కూతురితో ఆడుతున్నాడు. అప్పుడు పదో తరగతి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఆమె అంత బాగా ఆడినవాళ్ళు లేరు. మిగతా పిల్లలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. బాపు గుర్రం కోసం చేయి చాచాడు. దారిలో చేయి వణికి వేళ్ళ కొసలు మంత్రికి తగిలాయి. మంత్రి ఊగింది కానీ పడలేదు.

"పర్లేదు సార్. గుర్రమే ఆడుండ్రి" అంది ఆమె.

"మంత్రిని ముట్టిన గద బిడ్డా."

"మీరు ముట్టలే సార్. చేయి తాకింది."

"చేయి ఎవరిది?"

 బాపు మంత్రిని తీసి పక్క గడిలో పెట్టాడు. ఆ మంత్రి అక్కడ ఉండడమే రాజుకు కాపుదల అని నాకు తరువాత చెప్పారు. కాసేపటికే ఆటకట్టయింది. ఆమె పావులు పెట్టెలో వేస్తున్నప్పుడు ముఖం చూశాను. గెలిచిన ముఖంలా లేదు.

ఆ తరువాత పిల్లలు ఆయన్ను కాపాడడం మొదలుపెట్టారు. బాపు చేయి చాచగానే అందరూ కిటికీ వైపు చూసేవాళ్ళు. ఏదైనా పావుకు తగిలితే ఎవరో ఒకరు చటుక్కున దాన్ని సరిచేసి, ఆయన తరఫున "సదురుతున్న సార్" అనేవాళ్ళు. మాట ముందు అనాలి, వెనక కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. బాపుకు కూడా వాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసు.

ఒక ఆదివారం ఒక పిల్లవాడు ఆడుతూ శకటును పట్టుకున్నాడు. తప్పని తెలిసి వదిలేశాడు. ఎదుటివాడు "ముట్టినవ్, ముట్టినవ్!" అని అరిచాడు.

"నాకు గూడ వణికింది రా."

గది అంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు, గట్టిగానే. ఆ నవ్వు తరువాత నియమం పోయింది. చేయి కొంచెం ఆడించి "వణికింది" అంటే చాలు, ఏ పావునైనా వదిలేయవచ్చు. వాళ్ళు చెడ్డ పిల్లలు కాదు. బాపు వాళ్ళను ఏమని మందలించాలి?

తిరుగు బస్సులో నేను అడిగాను. అసలు నియమంలో ఏముందో ఆయన చదివే ఇంగ్లిష్ పుస్తకాల్లో చూశాను.

"అసలు దాంట్ల కావాలని ముట్టుకుంటేనే ఆడాలె అని ఉన్నది గద బాపు. తెలువక తాకితే లెక్కల లేదు. నీ పుస్తకంల 'కావాలని' అన్న మాట ఎందుకు లేదు?"

"నేనే తీసేసిన."

"ఎందుకు?"

"పెట్టిననుకో, ప్రతి పోరడు 'కావాలని ముట్టలే సార్' అంటడు. వాని మనసుల ఏమున్నదో నాకేం ఎరుక? చేయి కనవడతది, మనసు కనవడతదా?"

"ఇప్పుడన్న పెట్టు. రెండోసారి అచ్చేసినప్పుడు."

"రెండోసారా?" అన్నాడు. "ముందుగాల మంచం కింద అమ్ముడువోక పడ్డ పుస్తకాలు ఒడువని బిడ్డా."

నేను వదల్లేదు. నీ కోసమే పెట్టు అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. "గిన్నేండ్లు అందరి కాడ పట్టి ఆడిపిచ్చిన. నా కాడికి అచ్చేసరికి మాట కలుపుదునా?"

తరువాతి ఆదివారం బాపు రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తు పైకి చెబుతాడు, నేను ఆడాలి. "గుర్రం, ఎఫ్ అయిదు" అంటే గుర్రాన్ని తీసుకుపోయి అక్కడ పెట్టాలి. ఆ పనిలో కూడా నేను తప్పాను. ఒకసారి శకటు అంటే గుర్రాన్ని పట్టుకున్నాను.

"ముట్టినవ్" అన్నాడు.

"నువ్వు చెప్పింది శకటు గద!"

"నువ్వు ముట్టింది గుర్రం గద."

పిల్లలు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. నేను గుర్రాన్నే ఆడాను. ఆట పోయింది. ఆసామి కూతురు "అక్కా, మీరు సార్ పార్టీనా, మా పార్టీనా?" అంది. ఆ రోజు ఎవరూ చేయి వణికించలేదు. ఆ తరువాత కూడా లేదు. బస్సులో బాపు నిద్రపోయాడు. చాలా రోజుల తరువాత ఆయన అలా బస్సులో నిద్రపోవడం చూశాను. ఇలా సాగిపోతుందని అనుకున్నాను.

సాగలేదు. ఆ జబ్బు గొంతును కూడా తీసుకుంటుందని డాక్టరు చెప్పే ఉన్నాడు, మేమే చేతిని చూస్తూ మరిచిపోయాం. బాపు మాట రోజురోజుకూ తగ్గింది. ఇంట్లో దగ్గరగా కూర్చుంటే వినిపించేది. సిరిసిల్లలో గోడ అవతల సాంచలు నడుస్తుంటే ఆయన పక్కనే ఉన్న నాకు కూడా వినిపించేది కాదు. పెదవులు చూసి ఊహించి ఆడేదాన్ని. పిల్లలు ముందుకు వంగి వంగి చివరికి తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు.

ఆసామి గమనించాడు. "సార్, మీరచ్చినంత సేపు సాంచలు బంద్ వెడ్త" అన్నాడు.

బాపు తల అడ్డంగా ఊపాడు. ఏదో అన్నాడు. నేను చెవి దగ్గర పెట్టి విని ఆసామికి చెప్పాను: "సాంచలు బంద్ వెడితే నడిపేటోళ్ళకు కూలి పోతది, వద్దంటుండు."

"నేను సూసుకుంట గద సార్."

బాపు మళ్ళీ తల ఊపాడు. ఆ రోజు తరగతి చివరిదాకా కూర్చున్నాడు. పావులన్నీ పెట్టెలో పడ్డాక లేచాడు. తరువాతి ఆదివారం బస్సు వేళకు చెప్పులు వేసుకోలేదు. నేను అడగలేదు. అవ్వ మాత్రం "చర్చికన్న రా" అంది. అక్కడికి కూడా పోలేదు.

బడులు ఆయన్ను పిలవడం అంతకుముందే మానేశాయి. జగిత్యాలలో ఇప్పుడు ఫోనులో కోచింగు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఫోనులో ఒక పావును ముట్టి, వదిలి, ఇంకోదాన్ని ముట్టవచ్చు. ఆట ఏమీ అనదు. ఆసామి కూతురు డిగ్రీ చదువుతోంది. ఆడడం లేదని విన్నాను. పుస్తకాలు మంచం కిందే ఉన్నాయి.

మంచాన పడ్డాక బాపును పక్కకు తిప్పవలసి వచ్చేది. చెప్పకుండా ముట్టుకుంటే ఒళ్ళంతా బిగుసుకునేది. ఒకసారి దుప్పటి తీయబోతూ నేను అలవాటుగా "సదురుతున్న బాపు" అన్నాను. భుజం కొంచెం వదులైంది. ఆ తరువాత ప్రతిసారీ అన్నాను. అవ్వ కూడా అంది. అన్నం తినిపించేటప్పుడు, చొక్కా మార్చేటప్పుడు, తల కింద దిండు జరిపేటప్పుడు. ఆ మాటకు అంతకంటే ఎక్కువ పని ఉందని నేను చెప్పను. అది విన్నప్పుడు ఒళ్ళు వదులయ్యేది, అంతే. చివరి నెలల్లో ఆయనకు నేను చేయగలిగింది అదొక్కటే.

ఒక ఉదయం బాపు పోయాడు. చర్చివాళ్ళు వచ్చి ఒళ్ళు కడిగి, తెల్లచొక్కా తొడిగారు. పెట్టెలోకి ఎత్తారు. ఎవరో కుడి చేతిని తీసి ఛాతీ మీద పెట్టారు. అది కదలలేదు. ఎత్తేటప్పుడు వాళ్ళెవరూ ఏమీ అనలేదు. వాళ్ళకు తెలియదు. తెలిసిన నేనూ అనలేదు. పాస్టరు ఓదార్పు మాటలు చెప్పారు. విన్నాను. అవి నా దాకా రాలేదు.

అవ్వ ఇంకా బీడీలు చేస్తుంది. సాయంత్రం నేను వచ్చి కూర్చోవడానికి చోటు లేకపోతే ఆమె చాటను పక్కకు నెడుతుంది, లేదా నేనే నెడతాను. మా ఇంట్లో ఇప్పుడు దేన్నైనా ముట్టుకునే ముందు ఎవరమూ ఏమీ అనం.