గోడలో ఇరుక్కున్న సిపాయి

కంప్యూటర్ వెనక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తే నాకిప్పటికీ ఆ సిపాయే గుర్తొస్తాడు.

ఆళ్లగడ్డలో మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఒకసారి అన్న నంద్యాల నుంచి కొత్త కంప్యూటర్ గేమ్ తెచ్చుకున్నాడు. అందులో ఒక సిపాయి నడుము దాకా గోడలోకి కూరుకుపోయాడు. అన్న ఏ మీట నొక్కినా బయటికి రాలేదు. నాకప్పుడు ఏడేళ్లు. నాయన బొమ్మల్లాగే వీణ్నీ ఇంకా పూర్తిగా చెక్కలేదనుకున్నాను.

"నాయనా, ఉలి తీసుకోని రా! ఆయప్ప చేతులు ఆడిస్తాండాడు!" అని నాయన పనిచేసే షెడ్డుకు పరిగెత్తాను.

నాయన వచ్చి చూశాడు. "ఏందిరా ఇది? సగం చెక్కి అమ్మినారా?"

"గేములంతే నాయనా. తొందరపడి వదుల్తారు. మనమే ఆ గోడ పక్కకు పోకుండా ఆడుకోవాల," అన్నాడు అన్న.

నాయనకు నచ్చలేదు. ముక్కు కొస విరిగిన విగ్రహాన్ని కూడా ఆయన గడప దాటనిచ్చేవాడు కాదు. అలాంటివన్నీ షెడ్డు వెనకే పడుండేవి.

ఇప్పుడు గేముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నిన్న కొత్త గేమ్‌లో ఒక పిల్ల గోడలో ఇరుక్కుంటే రాసి పంపాను. "విడుదల తేదీ మారదు. తర్వాత చూద్దాం," అన్నారు పైవాళ్లు. ఆడేవాళ్లే ఆ గోడ పక్కకు పోరులే అనుకుని, విడుదలకు 'సరే' అని నొక్కాను.

తెర మీద ఆ పిల్ల ఇంకా చేతులు ఆడిస్తూనే ఉంది.