మూఢంలో ఒక నకలు

మూఢం వచ్చిందంటే మా రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మంలో కాకి కూడా వాలదు. స్థలం కొనేవాడూ రాడు, అమ్మేవాడూ రాడు. మిగతా రోజుల్లో ముహూర్తం దాటిపోతోందని నా మీద అరిచేవాళ్ళంతా ఇళ్ళలో పంచాంగం ముందేసుకుని కూర్చుంటారు. నేను మాత్రం విజయనగరంలో పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి, ఖాళీ బెంచీలకు కాపలా కాయాలి.

ఆ వారం సోమవారం బీరువా సర్దాను. మంగళవారం ఆ సర్దింది నచ్చక మళ్ళీ సర్దాను. బుధవారానికి పేపర్లో నా రాశిఫలం అయిపోయి, ఆఫీసరు గారిదీ, మా ఆవిడదీ కూడా చదివేశాను. నాకు 'పని ఒత్తిడి అధికం' అని రాశాడు. ఒళ్ళు మండిపోయి పేపరు విసిరికొట్టాను. గుమ్మంలో ఎవరి నీడైనా పడితే చాలు, కుర్చీ వేసి టీ ఇప్పించేలా ఉన్నాను. ప్రజాసేవ మీద నాకింత మోజుందని అప్పటిదాకా నాకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డున చేపలమ్ముకునే మనిషి. ఇంటిస్థలం దస్తావేజు తుఫానులో తడిసి ముద్దయిపోయిందట, నకలు కావాలంది.

తల ఎత్తకుండానే "రేపు రా" అన్నాను.

ఒట్టు, నేను అనలేదు, నా నోరు అంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నాతో పనిలేకుండా అనడం నేర్చేసుకుంది.

ఆమె కదల్లేదు. "మూడుసార్లు వచ్చినాను. జనం ఉన్నారు, రేపు రా అన్నావు. మూఢంలో ఎవులూ రారు, కాళీగుంటావని సూసుకొని మరీ వచ్చినాను. ఇప్పుడేటి అడ్డం బాబూ?"

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, అంత తొందరేమిటని దబాయించాను.

"నా మరిది నా దారికడ్డంగా గోడ కడతన్నాడు. నేను మొదుట వచ్చినప్పుడు పునాది తీసినాడు. ఇప్పుడు నడుందాకా లెగిసినాది. మూఢంలో పని ఆపరా అంటే, పునాది ముందే తీసినాను, గోడకి మూఢం నేదంతన్నాడు. కాయితం సూపితే గానీ పెద్దలు నా మాట ఇనరు."

నవ్వబోయి, నా మూడు 'రేపు రా'లూ గుర్తొచ్చి ఆగాను. ఆ గోడకి నేనూ ఇటుకలందించాను. దస్తావేజు నంబరు అడిగితే కొంగుముడి విప్పి ఒక చీటీ ఇచ్చింది. దాని మీద చేతిరాత నాదే, మొదటిసారి వచ్చినప్పుడు నంబరు రాసిచ్చి పంపేసినట్టున్నాను.

దరఖాస్తు నేనే రాసి, వేలిముద్ర వేయించి, ప్రింటు తీశాను. లోపల ఆఫీసరు గారు కూడా సంతకం అడిగేవాళ్ళ కోసం మొహం వాచి ఉన్నారేమో, చూస్తూనే పెట్టేశారు. సీలు వేసి ఇచ్చాను.

"అయిపోనాదా?"

"అయిపోయిందమ్మా."

ఆమె గడియారం వంక చూసింది. వచ్చి పావుగంట కూడా కాలేదు.

"ఇంతేనా బాబూ పని?"

తిట్టడానికి అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.